మొద్దు, రాడ్డు, రేకు: కట్టె, లోహం కలిపి మొదటి శిల్పం ఎలా చేయాలి

వరంగల్ కోట తోరణాల కొసల్లో ఉండే హంసను బొమ్మ గీసుకొచ్చి కట్టెలో చెక్కబోతే మొదటి చిక్కు మెడ దగ్గరే వస్తుంది. మొద్దులో నార పొడవునా పోతుంది, హంస మెడేమో పైకి లేచి వంపు తిరుగుతుంది. మెడ నిలువుగా లేచిన చోట నార అడ్డంగా తెగి పొట్టి ముక్కలుగా మిగులుతుంది. చెక్కేటప్పుడు విరగకపోయినా, పూర్తయ్యాక ఎవరో మెడ పట్టుకుని ఎత్తగానే అక్కడే పుటుక్కుమంటుంది. అదే మెడను ఇనుప రాడ్‌తో వంచితే చేతిలోంచి జారి పడినా వంగుతుందే తప్ప విరగదు.

కట్టె, లోహం కలిపి చేయడానికి అసలు కారణం ఇదే. అందానికి రెండు రంగులు పక్కపక్కన పెట్టడం కాదు. ఏ భాగానికి ఏ వస్తువు తగునో ముందు తేల్చుకోవాలి. నిండుగా, బరువుగా ఉండే ఒళ్లు కట్టెది. సన్నగా ఉండి బరువు మోసే మెడ, కాళ్లు ఇనుముతో చేయాలి. పలుచగా, పొరలు పొరలుగా ఉండే రెక్కలకు ఇత్తడి రేకు సరిపోతుంది. ఈ మూడూ నేర్పే హంసనే ఇక్కడ ఉదాహరణగా తీసుకున్నాం. ఒళ్లు 12 అంగుళాల పొడవు, 6 ఎత్తు, 5 వెడల్పు. కాళ్లతో, మెడతో కలిపి మొత్తం ఎత్తు 18 అంగుళాల పైన. ఇంతకంటే చిన్నది చేస్తే వెల్డింగు ముతకగా కనిపిస్తుంది. పెద్దది చేస్తే మొదటిసారికి మొద్దు దొరకడమే కష్టం.

గీత, మట్టి నమూనా

కోటకు వెళ్లి ఒక పూట కూర్చుని గీయండి. ఫోటో చాలదు, ఎందుకంటే ఫోటోలో మందం తెలియదు. ముందు నుంచి, పక్క నుంచి, పై నుంచి మూడు బొమ్మలు కావాలి. ఇంటికొచ్చాక కుమ్మరి మట్టితో 6 అంగుళాల నమూనా చేయండి. మట్టిలో మెడ నిలబడాలంటే లోపల తీగ పెట్టాల్సి వస్తుంది. ఎక్కడెక్కడ తీగ అవసరమైందో చూసుకుంటే అసలు బొమ్మలో లోహం కావాల్సిన చోట్లు అవే.

తర్వాత బ్రౌన్ పేపరు మీద అసలు కొలతలో పక్క చూపు, పై చూపు గీయండి. కొలతలన్నీ ఈ కాగితం నుంచే తీసుకోవాలి, అంచనా మీద పోకూడదు.

కట్టె ఎంపిక

ఉత్తర తెలంగాణలో ఈ పనికి అన్నిటికంటే మంచి కట్టె పాత ఇళ్లు కూల్చిన చోట దొరికే టేకు దర్వాజలు, దూలాలు. అవి ఏళ్ల తరబడి ఆరి ఉంటాయి, ఇక పగలవు. తెచ్చాక ముందు అయస్కాంతం ఒళ్లంతా తిప్పి చూడండి. లోపల విరిగిన మొల ఒక్కటున్నా ఉలి అంచు పోతుంది. రంగు పొర గీకేటప్పుడు మాస్కు పెట్టుకోండి, పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది.

సామిల్లు నుంచి కొత్త టేకు ముక్క కొంటే బిల్లు తీసుకోండి. పొలం గట్టు మీది టేకు చెట్టు అయినా సరే, అటవీ శాఖ అనుమతి లేకుండా కొట్టించి తెచ్చుకోకూడదు. 5 అంగుళాల మందం ముక్క దొరక్కపోతే రెండున్నర అంగుళాల పలకలు రెండు ఫెవికాల్‌తో అతికించి, శికంజాలు (క్లాంపులు) బిగించి 24 గంటలు వదిలేయండి. చివర్లలో కనిపించే వలయాల వంపు ఒకదానిది పైకి, ఇంకొకదానిది కిందికి ఉండేలా పెడితే వంకర తక్కువ తిరుగుతుంది.

వేప చవక, చెక్కడానికి బాగానే ఉంటుంది. కాకపోతే నార అటూ ఇటూ అల్లుకుని ఉంటుంది కాబట్టి ఒకే దిక్కులో ఉలి నడవదు. నిర్మల్ బొమ్మలకు వాడే పొనికి చాలా తేలిక, మెత్తన. చేయి అలవాటు కావడానికి మొదటి వారం పొనికి ముక్కల మీదే కసరత్తు చేయండి. కానీ స్క్రూలు పట్టాల్సిన ఒంటికి అది పనికిరాదు. తుమ్మ బండి చక్రాలకు బాగుంటుంది, కొత్త చేతులకు కాదు.

ఏ కట్టె అయినా చెట్టు నడిబొడ్డు, అంటే వలయాల కేంద్రం, ముక్కలో లేకుండా చూసుకోండి. అది ఉంటే ఆరేకొద్దీ అంచు నుంచి నడుమ దాకా పగులు రావడం ఖాయం. ఆరిందో లేదో తెలుసుకోవడానికి కాటా చాలు. ఈ రోజు తూచి రాసిపెట్టండి, వారం తర్వాత మళ్లీ తూచండి. బరువు తగ్గుతుంటే ఇంకా పచ్చిదే. అలాంటి ముక్క రెండు చివరలకూ ఫెవికాలో మైనమో పూసి నీడలో పెట్టండి. నీళ్లు చివరల నుంచే తొందరగా పోతాయి, పగుళ్లు అక్కడే మొదలవుతాయి. మే నెల ఎండలో ఆరబెట్టడం మాత్రం ఎప్పుడూ చేయకండి. పై పొర ఎండి ముడుచుకుంటుంది, లోపల తడిగానే ఉంటుంది, మొద్దు నెర్రెలు బారుతుంది.

ఉలికి పదును

మంచి ఉలి కొనడం కంటే ఉన్న ఉలికి పదును పెట్టడం రావాలి. ఒక అంగుళం, అర అంగుళం సాపు ఉలులు రెండు, 6, 12, 20 మిల్లీమీటర్ల గుండ్ర ఉలులు మూడు చాలు. సుత్తె కొయ్యది, 400 నుంచి 500 గ్రాముల మధ్య. ఇనుప సుత్తెతో కొడితే ఉలి పిడి చీలిపోతుంది.

పొనికికి 25 డిగ్రీల వాలు, టేకుకు 30 డిగ్రీలు. టేకు మీద 25 డిగ్రీల అంచు పెళుసుగా ఉండి చిప్పలు లేస్తుంది. కార్బొరండం రాయి గరుకు వైపు నీళ్లు చల్లి, వెనక వైపు వేలికి సన్నని అంచు తగిలేదాకా రుద్దండి. తర్వాత మెత్తటి వైపు, ఆ తర్వాత పాత బెల్టు తోలు మీద పాలిష్ సబ్బు రాసి పదిసార్లు వెనక్కి లాగండి. పరీక్ష చేయడానికి పొనికి ముక్క చివర అడ్డంగా ఒక పొర తీయండి. కోసిన చోటు నిగనిగలాడాలి. తెల్ల గీతలు కనిపిస్తే అంచులో గండ్లు ఉన్నట్టు, నార నలిగి పిండిలా రాలితే పదును అసలు రానట్టు. టేకులో సహజంగానే ఇసుకలాంటి సిలికా ఉంటుంది, పదును తొందరగా పోతుంది. అరగంటకోసారి తోలు మీద లాగడం అలవాటు చేసుకోండి.

చెక్కడం

మొద్దు నాలుగు పక్కలా చదరంగా ఉన్నప్పుడే మెడ రంధ్రం వేయండి. చాలామంది ఒళ్లు గుండ్రంగా చెక్కాక బర్మా (డ్రిల్లు) పట్టుకుంటారు. అప్పుడు మూలమట్టం ఆనించడానికి ఒక్క సాపు ముఖం కూడా ఉండదు, రంధ్రం వంకర పోతుంది. ముందు అంచు నుంచి రెండున్నర అంగుళాలు వెనక్కి, వెడల్పుకు సరిగ్గా నడుమ గుర్తు పెట్టి, 10.5 మిల్లీమీటర్ల బిట్‌తో నిలువుగా దించండి. పూర్తయిన ఒంట్లో 60 మిల్లీమీటర్ల లోతు మిగలాలి. అంటే పైన చెక్కేసే మందం ఎంతో చూసి, అది కూడా కలిపి లోతు లెక్కేయాలి. బిట్ మీద టేపు చుట్టి ఆ లోతు గుర్తు పెట్టుకోండి.

ఇక పక్క చూపు, పై చూపు రెండూ కార్బన్ పేపరుతో మొద్దు మీదికి దించండి. గీతకు 3 మిల్లీమీటర్ల దూరంలో ఆగేలా, అంగుళానికొకటి చొప్పున రంపంతో కోతలు పెట్టండి. కోతల మధ్య ముక్కలు సాపు ఉలితో కొడితే చెక్కలు చెక్కలుగా లేచిపోతాయి. ఇలా ముందు పక్క చూపు, తర్వాత పై చూపు తీశాక, మూలలు కొట్టేస్తూ గుండ్రదనం తేవాలి. అడుగు ముఖం మాత్రం చివరిదాకా సాపుగానే వదిలేయండి, కాళ్ల పలక కూర్చునేది అక్కడే.

ఉలి ఎప్పుడూ ఎత్తు నుంచి పల్లానికి నడవాలి. హంస వీపు నడుమ ఎత్తుగా ఉంటుంది కాబట్టి నడుమ నుంచి తోక వైపు ఒకసారి, నడుమ నుంచి రొమ్ము వైపు ఒకసారి. పల్లం నుంచి ఎత్తుకు తోస్తే ఉలి నార కిందికి దూరి చీలికను లాక్కుపోతుంది. చీలిక లేస్తున్నట్టు అనిపిస్తే అదే చోట బలంగా కొట్టకండి, మొద్దు తిప్పి ఎదురు వైపు నుంచి రండి. మొద్దును శికంజాతో బల్లకు బిగించే పని చేయాలి. ఒక చేత్తో మొద్దు, ఇంకో చేత్తో ఉలి పట్టుకుంటే అరచెయ్యి చీలుతుంది. రెండు చేతులూ ఎప్పుడూ అంచుకు వెనకే ఉండాలి.

ఉలి పని పూర్తిగా అయిపోయేదాకా ఎమిరీ పేపరు ముట్టుకోకండి. పేపరు రవ్వలు నారలో ఇరుక్కుంటాయి, మళ్లీ ఉలి పెడితే పదును పోతుంది. అంతా అయ్యాక 80, 120, 220 నంబర్లు వరసగా, నార వెంబడే రుద్దాలి. నిజానికి ఉలి గుర్తులు శుభ్రంగా పడితే రుద్దకుండా వదిలేయడమే మేలు. పదునైన ఉలి వదిలిన మెరుపు ఏ కాగితమూ ఇవ్వదు.

యాంగిల్ గ్రైండర్‌కు పళ్ల రంపం చక్రం తగిలించి కట్టె చెక్కే పద్ధతి కొన్ని షెడ్లలో కనిపిస్తుంది. దాని జోలికి వెళ్లకండి. పళ్లు కట్టెలో ఇరుక్కున్న క్షణంలో గ్రైండర్ వెనక్కి ఎగిరి చేతిమీదో మెడమీదో పడుతుంది.

మెడ, కాళ్లు: ఇనుము

10 మిల్లీమీటర్ల సాదా రాడ్ మీటరున్నర తీసుకోండి. స్లాబు ఇనుము, అంటే గీతల టీఎంటీ రాడ్ వద్దు. దాని పై పొర గట్టిపరిచి ఉంటుంది, బిగువు వంపులకు లొంగదు, గీతలు కూడా బొమ్మకు అడ్డే. రాడ్ బరువు తెలియాలంటే మిల్లీమీటర్లలో మందాన్ని దానితోనే గుణించి 162తో భాగించండి, మీటరుకు కిలోలు వస్తాయి. 10 మిల్లీమీటర్ల రాడ్ మీటరుకు 617 గ్రాములు. తూకంలో తేడా ఇక్కడే పట్టేయవచ్చు. అడుగు పలక 10 x 8 అంగుళాలు, 6 మిల్లీమీటర్ల మందం, రెండు కిలోల పైన బరువుంటుంది. ఇంతకంటే తేలికైతే మెడ ముందుకు వాలి బొమ్మ బోల్తా పడుతుంది.

కాగితం మీది మెడ గీత వెంట దారం పరిచి కొలవండి. దానికి 60 మిల్లీమీటర్లు రంధ్రంలోకి, 40 తలకు కలపండి. వంచడం కమ్మరి కొలిమి దగ్గర చేయించుకోవడమో, ఆయన పక్కన నిలబడి మీరే చేయడమో మంచిది. రాడ్ నారింజ రంగుకు వచ్చినప్పుడే కొట్టాలి, ముదురు ఎరుపుకు దిగగానే మళ్లీ కొలిమిలో పెట్టాలి. చల్లబడ్డ ఇనుమును కొడితే అంచుల్లో సన్న పగుళ్లు వస్తాయి. కొలిమి నీడలోనే ఉండాలి. ఎండలో ఎర్రగా కాలిన రాడ్ కూడా నల్లగానే కనిపిస్తుంది. అలా చల్లారిందనుకుని పట్టుకుని చేతులు కాల్చుకుంటారు.

ముందు తల చివర దాగలి (ఇనుము పెట్టి కొట్టే దిమ్మె) మీద పలుచగా కొట్టి ముక్కు సాగదీయండి, తర్వాతే వంపులు. వంపు పూర్తయ్యాక తల కొడదామంటే దాగలి మీద పెట్టడానికి వీలుండదు. ఒక్కో వంపు కాగితం మీద పెట్టి సరిచూసుకుంటూ పోవాలి, అందుకు కాగితం కాలకుండా గీతను సుద్దతో రేకు మీదికి ఎక్కించుకోండి.

వెల్డింగు

2.5 మిల్లీమీటర్ల 6013 రకం వెల్డింగు రాడ్లు, 70 నుంచి 90 ఆంపియర్లు. వెల్డింగు రాడ్ అంచుకూ ఇనుముకూ మధ్య ఎడం రాడ్ మందమంత ఉంటే శబ్దం ఒకేలా చిటపటమంటూ వస్తుంది. ఆ శబ్దం చెవికి అలవాటు కావడమే సగం విద్య. రాడ్ అంటుకుపోతుంటే కరెంటు తక్కువ. రంధ్రం పడుతుంటే ఎక్కువ. అతుకులో సూది బెజ్జాలు కనిపిస్తే రాడ్లకు చెమ్మ పట్టినట్టో, ఇనుము మీద తుప్పు, రంగు ఉన్నట్టో. వానాకాలంలో తెరిచి పెట్టిన ప్యాకెట్ రాడ్లను 100 డిగ్రీల వేడిలో గంటసేపు ఆరబెట్టి వాడండి.

కాళ్లు 8 అంగుళాలవి రెండు. వాటి కింద అడుగు పలక, పైన 4 x 3 అంగుళాల, 3 మిల్లీమీటర్ల చిన్న పలక. ముందు నాలుగు వైపులా చుక్కలుగా అతికించి, మూలమట్టం పెట్టి నిటారుగా ఉందో లేదో చూడండి. అతుకు చల్లారేటప్పుడు తన వైపుకు లాగుతుంది. అందుకే ఒక వైపు కొంచెం, ఎదురు వైపు కొంచెం చొప్పున మార్చి మార్చి నింపాలి. పై పలక పలుచన కాబట్టి మంటను లావు రాడ్ మీదికి ఎక్కువ చూపండి, లేకపోతే పలక కరిగి చిల్లు పడుతుంది. పై పలకకు స్క్రూ రంధ్రాలు నాలుగు ముందే వేసుకోండి: ఒక వైపు రెండు గుండ్రటివి, ఇంకో వైపు రెండు వెడల్పు దిక్కులో సాగినవి. ఎందుకో కింద చెప్తాం.

ఇక్కడ తప్పనిసరి కొన్ని ఉన్నాయి. ముసుగులో 10 లేదా 11 నంబరు నల్ల అద్దం. ఒంటి మీద నూలు బట్టలు. పాలిస్టర్ రవ్వ పడగానే కరిగి చర్మానికి అంటుకుంటుంది. గ్రైండర్ దగ్గర చున్నీ, వదులు చొక్కా చేతులు, వదులు చేతి తొడుగులు ఉండకూడదు. గార్డు తీసి నడపకూడదు. చక్రం మీద రాసిన వేగం గ్రైండర్ వేగం కంటే ఎక్కువ ఉండాలి. నడుమ ఇనుప రింగు మీద గడువు తేదీ కూడా ఉంటుంది, అది దాటిన చక్రం పారేయండి. స్క్రాప్ దుకాణం నుంచి తెచ్చిన జీఐ పైపులు, తెల్ల పూత రేకులు వెల్డ్ చేస్తే జింకు పొగ వస్తుంది, రాత్రికి చలిజ్వరం పట్టుకుంటుంది. మూసి ఉన్న డ్రమ్ములు, పెట్రోలు ట్యాంకులు, బైకు షాకబ్జార్బర్లు అసలే వెల్డ్ చేయకండి, అవి పేలుతాయి. అద్దం లేకుండా మంట చూస్తే కొన్ని గంటల తర్వాత కళ్లలో ఇసుక పోసినట్టు ఉంటుంది. పాల చుక్కలు, ఉల్లిరసం వేయడం మానేసి కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి.

రెక్కలు: ఇత్తడి రేకు

జనగామ పక్కనే ఉన్న పెంబర్తిలో ఇత్తడి రేకు పని తరాలుగా నడుస్తోంది. ఒక రోజు అక్కడ కూర్చుని చూస్తే ఏ క్లాసులోనూ రాని విషయాలు తెలుస్తాయి, ముఖ్యంగా సుత్తె ఎంత మెల్లగా, ఎన్ని ఎక్కువసార్లు పడుతుందో.

24 గేజీ రేకు, అంటే దాదాపు అర మిల్లీమీటరు మందం. 7 x 4 అంగుళాల ముక్కలు రెండు. కింద పరుపు కావాలి. పెంబర్తి పనివాళ్లు లక్క వాడతారు. విద్యార్థులు రోజిన్ (పైన్ చెట్టు బంక) కిలో, జల్లించిన ఇటుక పొడి కిలోన్నర, నూనె 100 మిల్లీలీటర్లు కలిపి వెడల్పాటి ఇనుప గిన్నెలో పోసుకోవచ్చు. సన్న మంట మీదే కరిగించండి, మూత పక్కనే ఉంచుకోండి. అంటుకుంటే మూత పెట్టాలి, నీళ్లు పోయకూడదు. గోరుతో నొక్కితే గుర్తు పడి నిలవాలి. పెళుసుగా పగిలితే ఇంకొంచెం నూనె. ఎండాకాలంలో పరుపు మెత్తబడుతుంది, అప్పుడు నూనె తగ్గించండి.

రేకును ముందు మెత్తబరచాలి. నీడలో మంట చూపించి లేత ఎరుపు కనిపించగానే తీసేసి, ఎరుపు పోయాక నీళ్లలో ముంచండి. ఈకల గీతలు పైవైపు నుంచి మొద్దు ఉలితో నొక్కుతూ గీయాలి. తర్వాత రేకు తీసి బోర్లించి, వెనక నుంచి గుండ్రటి మొనతో ఉబ్బెత్తు తేవాలి. ఒక్క విడతలో 3, 4 మిల్లీమీటర్లకు మించి లేపకండి. దెబ్బలు పడేకొద్దీ ఇత్తడి గట్టిపడుతుంది, మెత్తబరచకుండా ఇంకా కొడితే ఈక అంచు వెంట పగులుతుంది. ఎప్పుడు ఆపాలో శబ్దం చెప్తుంది. మెత్తటి రేకు దబ్బుమంటుంది, గట్టిపడ్డది ఖంగుమంటుంది. ఖంగుమన్నప్పుడల్లా రేకు తీసి, రోజిన్ తుడిచి, మళ్లీ కాల్చాలి. చివరగా పైవైపు నుంచి ఈకల మధ్య గీతలు పదును చేసి, చింతపండు, ఉప్పుతో తోమితే మంట మరకలు పోతాయి.

కలపడం

కట్టెను, లోహాన్ని కలిపే పనిలో బొమ్మలు పాడయ్యేది ఎక్కువగా ఈ దశలోనే. వానాకాలంలో కట్టె చెమ్మ పీల్చి ఉబ్బుతుంది, ఎండాకాలంలో ముడుచుకుంటుంది. ఇది నారకు అడ్డంగా మాత్రమే జరుగుతుంది, పొడవులో దాదాపు ఉండదు. 5 అంగుళాల వెడల్పు టేకు ముక్క ఏడాదిలో ఒక మిల్లీమీటరు దాకా పెరిగి తగ్గవచ్చు. ఇత్తడి, ఇనుము ఆ లెక్కలో కదలనట్టే. లోహాన్ని నాలుగు మూలలా బిగించేస్తే కట్టెకు కదలడానికి చోటుండదు, అది పగలాలి లేదా స్క్రూ తల తెగాలి.

అందుకే పలకకు ఒక వైపు రంధ్రాలు సాగదీసింది. రెక్కకు కూడా ముందు భుజం దగ్గర గుండ్రటి రంధ్రం ఒకటి, వెనక రెండింటినీ నిలువుగా 4.5 x 7 మిల్లీమీటర్లకు సాగదీయండి. సాగిన రంధ్రాల్లో స్క్రూను మరీ బిగించకుండా, రేకు వేలితో కదిపితే కదిలేలా వదలాలి.

ఇత్తడి రెక్కకు ఇత్తడి స్క్రూలే వాడండి, 8 నంబరు, ముప్పావు అంగుళం. ఇనుప స్క్రూ ఇత్తడిని తాకి ఉంటే చెమ్మలో ఇనుము తొందరగా తుప్పు పడుతుంది. ఇత్తడి స్క్రూ మెత్తన, టేకులోకి నేరుగా తిప్పితే తల ఊడి చేతికొస్తుంది. 3 మిల్లీమీటర్ల రంధ్రం వేసి, ముందు అదే సైజు స్టీలు స్క్రూ తిప్పి మర పడ్డాక తీసేయండి. ఆపైన సబ్బు రాసిన ఇత్తడి స్క్రూ నెమ్మదిగా దించండి.

మెడ రాడ్ కింది భాగాన్ని ఆకురాయితో రెండు పక్కలా చదును చేసి గరుకుగా గీకండి, గుండ్రంగా వదిలితే జిగురులోనే తిరిగిపోతుంది. నిలువుగా ఒక సన్న గాడి కూడా పెట్టండి, లోపలి గాలి బయటికి రావడానికి. అది లేకపోతే గాలి జిగురును పైకి తోసేస్తుంది. అరాల్డైట్ జిగురు రెండు భాగాలూ సమానంగా కలిపి రంధ్రంలో, రాడ్ మీద పూసి దించి, 24 గంటలు కదపకుండా ఉంచండి.

వెల్డింగంతా కట్టె దగ్గరికి రాకముందే అయిపోవాలి. కాళ్ల పలక బిగించాక చిన్న చుక్క వేద్దామన్నా కట్టె లోపల మాడి స్క్రూ పట్టు వదులుతుంది. ఇనుము తాకే చోట కట్టె మీద నల్ల మరక పడటం ఇంకో సమస్య, కట్టెలోని వగరుకు, ఇనుముకు చెమ్మ తోడైతే వచ్చేది అది. బిగించే ముందు పలక పై ముఖానికి లాకర్ రెండు పూతలు వేస్తే రాదు.

పూత

ఇనుప భాగాలకు బిగించక ముందే వైరు బ్రష్ కొట్టి, వేడి చేసి, అవిసె నూనె గుడ్డతో రుద్దితే నల్లగా, లోతుగా రంగు నిలుస్తుంది. కట్టెకు అవిసె నూనె, టర్పెంటైన్ సమపాళ్లలో కలిపి మొదటి పూత, తర్వాత రెండు పూతలు ఉత్త నూనె, పూతకూ పూతకూ మధ్య ఒక రోజు. ఈ నూనె గుడ్డలను ఉండ చుట్టి మూల పడేయకండి, వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. నీళ్లలో ముంచి, బయట విప్పి ఆరేయండి.

మొదటి వానాకాలం దాటాక బొమ్మను మళ్లీ చూడండి. రెక్క వెనక స్క్రూలు బిగిసిపోయి ఉంటే పావు చుట్టు వదులు చేయండి. చివరల్లో సన్న పగులు కనిపిస్తే వెంటనే లప్పం నింపకండి. వానల్లో పగులు సన్నబడి ఉంటుంది, ఎండాకాలంలో పూర్తిగా తెరుచుకుంటుంది. మే నెలలో అదే కట్టె పలుచని చీలిక ఒకటి నార కలిసేలా దూర్చి అతికించి, మిగిలింది ఉలితో తీసేయండి.